నాలుగు మిల్లీమీటర్ల పల్లం

నేను బోట్ల అడుగు పని చేస్తాను. అంటే బోటుని స్టాండ్ల మీదికి ఎక్కించాక దాని కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, పాత రంగు గీకి, పగుళ్ళు పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసే పని. బోటు పైభాగాన్ని అందరూ చూస్తారు, మెచ్చుకుంటారు, పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అడుగుని చూసేది నీళ్ళూ, నేనూ. అందుకే ఈ పని చేసేవాళ్ళకి కాస్త పొగరు ఉంటుంది. నాకు కాస్త కాదు, చాలానే ఉండేది. ఆ పొగరు మా ఆయన ప్రాణం తీసింది. ఈ మాటని ఏడాదిపాటు నోట్లోనే నొక్కిపెట్టుకుని తిరిగాను. లోకమంతా తప్పు మా ఆయనదే అనుకుంది, వాళ్ళమ్మతో సహా.

యార్డు మా నాన్నది. రేకుల షెడ్డు, రెండు జతల స్టాండ్లు, నీళ్ళలోకి దిగే సిమెంటు ర్యాంపు, ఎప్పుడూ రెజిన్ అనే జిగురు వాసన. నాన్నని అందరూ మేస్త్రి అంటారు. చెక్క వంచి, దాని మీద ఫైబరు గుడ్డ పరిచి, రెజిన్ పట్టించి, చేత్తోనే బోటు కట్టే మనిషి. మాట తక్కువ. ఏదైనా అడిగితే ముందు గడ్డం గోక్కుంటాడు, తర్వాత కూడా జవాబు రాకపోవచ్చు.

మా ఆయన ఆసుపత్రి బోటుకి సరంగు, అంటే దాన్ని నడిపేవాడు. మా తీరానికీ అవతలి దీవికీ మధ్య పద్నాలుగు కిలోమీటర్ల నీళ్ళు. దీవిలో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఈ బోటులో ఇవతలికి రావాల్సిందే. ఆ బోటు నాన్న కట్టిందే. ఒకే కొలతల్లో రెండు కట్టాడు, నేను యార్డులో చేరకముందు. ఒకటి మా జెట్టీలో ఉండేది, రెండోది పై జెట్టీలో.

ఒకసారి ఎనిమిదేళ్ళ పాప ఊపిరందక, జెట్టీ ఇంకా మూడు నిమిషాల దూరంలో ఉండగా, బోటులోని నర్సమ్మ ఒళ్ళో పోయింది. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి ప్రతి ట్రిప్పుకీ నిమిషాలు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగున్నర, ఇరవై నాలుగు, ఎదురుగాలైతే ఇరవై ఆరు. తోటి సరంగులు ఆయనకి 'నిమిషం' అని పేరు పెట్టేశారు. "నిమిషం వచ్చాడురోయ్, టీ చెప్పండి" అనేవాళ్ళు. ఆయన కూడా నవ్వేసేవాడు. మా అత్తయ్య అయితే, "వీడికి పుట్టుకతోనే తొందర. ఎనిమిదో నెలకే ఆగలేక బయటపడ్డాడు, నన్నింకో నెల సుఖంగా తిననివ్వకుండా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ నిమిషాల కోసం ఆయన నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. పెద్ద ఇంజను పెట్టమని ఆసుపత్రి వాళ్ళ వెంటపడి అది కూడా సాధించాడు. తీరా పెట్టాక గంటకి ముప్పై అయిదు కిలోమీటర్లు పోయే బోటు ముప్పై ఆరు పోయింది.

"అల్లుడుగారూ, అరుపు పెరిగింది గానీ నడక పెరగలేదే" అన్నాడు నాన్న.

"నవ్వకండి మావయ్యా. ఇంత ఇంజనుకి నలభై దాటాలి. ఏం పట్టి లాగుతోంది దీన్ని?"

నాన్న గడ్డం గోక్కున్నాడు. "మెల్లగా పోయినంతసేపూ బోటు నీళ్ళని చీల్చుకుని పోతుంది. వేగం అందుకున్నాక నీళ్ళ మీదికెక్కి జారుతుంది. అప్పుడు దాని బరువంతా వెనకవైపు అడుగు మీదే ఉంటుంది. ఆ అడుగు ఎంత ఇస్తే అంతే. ఇంజనుని చూసి అడుగు మారదు. నీకింకా వేగం కావాలంటే ఇంకో మీటరు పొడుగున్న బోటు కావాలి."

"కట్టండి మరి."

"ఆసుపత్రి వాళ్ళ బోటు షెడ్డు ఏడు మీటర్లే. షెడ్డు పెంచమను, బోటు పెంచుతా."

షెడ్డు పెంచడానికి ఆసుపత్రి కమిటీ మూడుసార్లు కూర్చుని మూడుసార్లూ లేచిపోయింది. మా ఆయన ఇరవై నాలుగు నిమిషాలతోనే సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకున్నాడని నేననుకున్నాను. ఒక్కోసారి భోజనం చేస్తూ చేస్తూ చెయ్యి ఆపి, "మూడు నిమిషాలే" అనేవాడు. ఎవరి గురించో నాకు తెలుసు కాబట్టి అడిగేదాన్ని కాదు.

ఆ బోటు ఏటా ఒకసారి అడుగు పనికి మా దగ్గరికి వచ్చేది. మిగతా బోట్లన్నీ నాకు వదిలేసే నాన్న, దీన్ని మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. "అల్లుడి బోటు, నేనే చేస్తాలే" అనేవాడు. అల్లుడి మీద ప్రేమ కాబోలనుకుని మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు బోటు వచ్చే వారానికి నాన్న కళ్ళాసుపత్రిలో ఉన్నాడు. రెండు కళ్ళలోనూ పొర కమ్మేసింది. ఆపరేషన్, ఆ తర్వాత కళ్ళకి గంతలు, వంగకూడదు, దుమ్ములోకి రాకూడదు. బోటు ఆగదు. నేనే కిందికి దూరాను.

రంగు గీకేశాక తిన్నటి ఇనప పట్టీ తీసుకుని, ముందు నుంచి వెనక్కి అడుగుకి ఆనించి చూసుకుంటూ వచ్చాను. పట్టీకీ అడుగుకీ మధ్య సందు ఉండకూడదు. అవతల టార్చి పెడితే ఇవతలికి వెలుగు రాకూడదు. వెనక అంచుకి మూడు జానల దూరంలోకి వచ్చేసరికి వెలుగు వచ్చింది. కొలిచాను. మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల లోతు పల్లం, తర్వాత అంచు మళ్ళీ కిందికి దిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. మా వృత్తిలో అడుగులో పల్లం అంటే పరువు తక్కువ. చెక్క సరిగ్గా ఆరలేదనో, స్టాండు తప్పు చోట పెట్టారనో, చెయ్యి తిన్నగా పోలేదనో అర్థం. పైగా ఆ పల్లం అక్కడుంటే బోటు ముక్కు కిందికి వంగి నీళ్ళని దున్నుతుంది, వేగం చచ్చిపోతుంది. అల్లుడిని ఇన్నేళ్ళు ఏడిపించింది ఇదా అనుకున్నాను. నాన్న కళ్ళు పాడవడం అప్పటికే మొదలైందన్నమాట, కనిపించక కట్టాడన్నమాట, తర్వాత తెలిసి సిగ్గుపడి, నా కంట పడకుండా దాస్తూ వచ్చాడన్నమాట. అన్నీ నేనే అనేసుకున్నాను. నాన్న మీద జాలితో కళ్ళు తడిశాయి. బోటు కింద పడుకుని ఏడిస్తే నీళ్ళు చెవుల్లోకి పోతాయి.

అటు వైపు కొలిచాను. అక్కడా నాలుగే. మూడున్నర కాదు, అయిదు కాదు. కళ్ళు కనిపించనివాడి చెయ్యి రెండు వైపులా ఒకేలా తప్పు చేయదు. పదేళ్ళ అనుభవమున్న ఏ అడుగు పనివాడికైనా అక్కడ అనుమానం రావాలి. నాకు రాలేదు. నాన్న పరువు కాపాడాలన్న తొందరలో ఉన్నాను నేను.

రెండు రోజులు ఆ పల్లాన్ని పూడ్చాను. ఒక పొర, ఆరాక ఇంకో పొర, రుద్దడం, పట్టీ పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం. చివరికి ఎక్కడా వెలుగు రాలేదు. అంత బాగా నేనెప్పుడూ చేయలేదు. రంగు వేసేశాక ఆ పల్లం ఒకప్పుడు ఉండేదని తెలిసిన మనుషులం ఈ లోకంలో నేనూ, నాన్నా. నాన్నతో ఆ మాట ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆయనకి ఆయనే తెలుసుకుని, ఏమీ అనకుండా, లోపల్లోపల సంతోషిస్తాడనుకున్నాను. మా ఇంట్లో ప్రేమలన్నీ ఇలాగే ఉండేవి. ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

బోటు నీళ్ళలోకి దిగిన రోజు గాలి లేదు. మా ఆయన ఒక్కడే ఎక్కి, దీవి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. జెట్టీ మీద నిలబడి ఉన్నాను. తాడు కట్టకముందే గంతేసి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇరవై! ఇరవై నిమిషాలే! నలభై రెండు పోయింది. ఏం చేశావే దీనికి?"

"స్నానం చేయించాను. ఎన్నేళ్ళ మురికో."

"మురికి తీస్తే నాలుగు నిమిషాలొస్తాయా? చెప్పు, ఏం చేశావ్?"

చెబితే నాన్న తప్పు కూడా చెప్పాలి. అల్లుడి ముందు మామని తక్కువ చేయాలి. "నా చేతి మహిమ" అన్నాను. ఆ చేతిని అందరి ముందూ పట్టుకుని ఊపాడు. తోటి సరంగులు ఈలలు వేశారు. నాకెంత సంతోషంగా ఉండిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

వారం తర్వాత టీ తాగుతూ అన్నాడు. "ఖాళీగా ఉన్నప్పుడు బంగారంలా పోతోందే. మనుషులెక్కి, వెనక స్ట్రెచరు పెడితే మాత్రం ముక్కు ఎగిరెగిరి పడుతోంది. ఇదివరకెప్పుడూ ఇలా చేయలేదు. ఇంజను వాలు కాస్త సర్దాలేమో."

"గాలికి అయ్యుంటుంది" అన్నాను.

"అంతేనంటావా?"

"అంతే."

ఆ 'అంతే' నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! అప్పుడు నేను, 'ఉండు, వెనక అడుగులో ఒక పల్లం ఉంటే పూడ్చాను, దానివల్లేమో' అని ఉంటే చాలు. ఆయనకి బోట్లు తెలుసు, కాళ్ళతో బోటు మనసు కనిపెట్టే మనిషి. వెంటనే వేగం తగ్గించి, నాన్న దగ్గరికి పరిగెత్తి ఉండేవాడు. ఒక్క వాక్యం. అది చెప్పడానికి నాకు ఆ రోజు ఏ అడ్డూ లేదు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు మధ్యాహ్నం, దీవి నుంచి గుండెనొప్పి మనిషిని ఎక్కించుకున్నారు. వెనక స్ట్రెచరు, పక్కన అతని తమ్ముడు, నర్సమ్మ, రెండు ఆక్సిజన్ సిలిండర్లు. సగం దూరం బాగానే వచ్చింది. తర్వాత కొద్దిపాటి అలలు తగిలాయి. ముక్కు లేచి పడడం, లేచి పడడం మొదలైంది. నాలుగోసారో అయిదోసారో పడినప్పుడు ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంది, బోటు గిర్రున పక్కకి తిరిగి బోల్తా పడింది. చేపల బోటు వాళ్ళు వచ్చి తీశారు. రోగీ, అతని తమ్ముడూ లైఫ్ జాకెట్ల పుణ్యాన బతికారు. నర్సమ్మకి తుంటి ఎముక విరిగింది. మా ఆయన తల స్టీరింగు చట్రానికి కొట్టుకుంది. తీసేసరికే పోయాడు.

విచారణకి వచ్చిన కొలతల ఆఫీసరు బోటుని మా యార్డులోనే స్టాండ్ల మీదికి ఎక్కించమన్నాడు. పొడుగాటి పట్టీ పెట్టి, టార్చి వేసి, అటూ ఇటూ కొలిచాడు. మంచి మనిషే, పని తెలిసినవాడే. "ఇంత తిన్నటి అడుగు నేను చూడలేదు. బోటులో ఏ లోపం లేదు" అన్నాడు.

నల్లకళ్ళజోడు పెట్టుకుని నాన్న వచ్చాడు. అప్పటిదాకా ఆయన ఆ బోటుని చూడలేదు. కిందికి వంగి, అరచెయ్యి అడుగుకి ఆనించి, ముందు నుంచి వెనక్కి నిమురుకుంటూ వచ్చాడు. వెనక అంచుకి మూడు జానల దూరంలో ఆ చెయ్యి ఆగింది. మళ్ళీ వెనక్కి తీసి మళ్ళీ నిమిరాడు. తర్వాత కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. ఆపరేషన్ చేసిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేస్త్రిగారూ, మీరు కట్టింది కట్టినట్టే ఉందా? ఏమైనా మార్చారా?" ఆఫీసరు అడిగాడు.

నాన్న గడ్డం గోక్కోలేదు. "నేను కట్టినట్టే ఉంది" అన్నాడు వెంటనే.

నర్సమ్మ మంచం మీది నుంచే, "ఆయన వేగం తగ్గిస్తూనే ఉన్నారండీ" అని చెప్పింది. కానీ బయల్దేరిన టైమూ, పడిన చోటూ లెక్కేస్తే నలభై రెండు తేలింది. ఆ బోటు ఎప్పుడూ ముప్పై ఆరు దాటలేదని పాత పుస్తకాలు చెప్పాయి. బోటు బాగుంది, గాలి పెద్దగా లేదు. ఇక మిగిలింది మనిషే. 'సరంగు అతివేగం, నిర్లక్ష్యం' అని రిపోర్టు వచ్చింది.

ఆ రోజు బస్సులో పక్కపక్కన కూర్చుని ఇంటికి వస్తుంటే నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"అది తప్పు కాదమ్మా. కావాలని పెట్టింది. రోగికి కుదుపు తగలకూడదని స్ట్రెచరు వెనకే ఉండాలన్నారు. ఏడు మీటర్ల బోటుకి వెనక అంత బరువు పెడితే ముక్కు ఆగదు, ఎగురుతుంది. ఆ పల్లం అంచు నీళ్ళని నొక్కి వెనకవైపుని లేపి, ముక్కుని కిందికి పట్టి ఉంచేది. వేగం పోతుందని తెలుసు. పోతే పోయిందనుకున్నా."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏమని చెప్పను? నా అడుగులో పల్లం ఉందనా?"

కాసేపటికి, "ఇక ఆ మాట ఎత్తకు. పోయినవాడు రాడు. నువ్వు బతకాలి" అన్నాడు. నేను సరే అన్నాను. ఆయన పరువు కోసం నేను పూడ్చాను, నా కోసం ఆయన అబద్ధమాడాడు. మధ్యలో మాట పడినవాడు ఎదురు చెప్పలేని చోట ఉన్నాడు.

అత్తయ్య ఆ రిపోర్టుని రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి చదవబోతే చాలంది. మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి సంచీ పట్టుకుని నర్సమ్మ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. నర్సమ్మ ఒంటరి మనిషి. ఆవిడకి తల దువ్వడం, గిన్నెలు తోమడం, దుప్పట్లు ఉతకడం, చెయ్యి పట్టుకుని గదిలో నాలుగడుగులు నడిపించడం, అన్నీ అత్తయ్యే. నర్సమ్మ వద్దని మొత్తుకునేది. "మీ అబ్బాయి తప్పేం లేదమ్మా" అని కూడా అనేది. అత్తయ్య అది మర్యాదకి అన్న మాట అనుకునేది.

"వాడికి పుట్టుకతోనే తొందరమ్మా. ఎనిమిదో నెలకే పుట్టాడు. నేనే సరిగ్గా పెంచలేకపోయాను, మన్నించు" అని నర్సమ్మతో అనేదట. ఒకప్పుడు అందరినీ నవ్వించడానికి చెప్పిన మాట. నర్సమ్మే నాకు ఫోన్‌లో చెప్పి బాధపడింది.

మా ఇంట్లో ఆయన పేరు వినిపించడం మానేసింది. అత్తయ్య ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, బీరువాలో అడుగు అరలో పెట్టి తాళం వేసేసింది. ఆవిడ ఏడవగా నేను చూడలేదు. చావు రోజున కూడా రాయిలా కూర్చుంది. ఎంత గట్టి మనిషో అని చుట్టాలు మెచ్చుకున్నారు. మూడయ్యేసరికి ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే నేను ఏదో పనున్నట్టు మొహం చాటేసేదాన్ని. ఏడాది అలా గడిచింది. గడిచిందనడం కూడా అబద్ధమే. రోజూ మూడు గంటలు కొట్టేది, అంతే.

మొన్న సోమవారం పై జెట్టీ నుంచి రెండో బోటు వచ్చింది. దాన్ని నడిపే కుర్ర సరంగు ర్యాంపు మీద నాకో కాగితం ఇచ్చాడు. చేయాల్సిన పనుల చీటీ, ఆఫీసు ముద్రతో. రంగు గీకడం, ప్రొపెల్లరు మార్చడం. మూడో వరుస: 'వెనక అడుగులోని పల్లం పూడ్చి తిన్నగా చేయవలెను.'

"ఇదెవరు రాయమన్నారు?"

"కొలతల ఆఫీసరుగారండీ. బోల్తా పడిన ఆ మొదటి బోటు అడుగు తిన్నగా ఉందట, దీనికి మాత్రం వంకర ఉందట. అది సరిచేస్తే నాలుగైదు నిమిషాలు కలిసొస్తాయన్నారు. భయపడకండి, ఆ బోటు నడిపినాయనలా నేను వెర్రివేగంతో పోనులెండి. ట్రైనింగులో మాకు ఆయన సంగతే చెప్తారు, సరంగన్నవాడు ఎలా ఉండకూడదో."

నేను ఆయన భార్యనని అతనికి తెలీదు. నవ్వుతూనే చెప్పాడు. నాకు అతన్ని చాచి కొట్టాలనిపించింది. అతన్ని కాదు, కొట్టాల్సింది ఎవర్నో నాకు తెలుసు.

బోటు కిందికి దూరి పట్టీ పెట్టాను. అదే చోట, రెండు వైపులా, నాలుగు మిల్లీమీటర్లు. నాన్న చేతిపని అంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ గమనించలేదు. పల్లం మొదలయ్యే చోటు వేలికి తెలియదు. అంత మెల్లగా లోపలికి పోయి, అంచు దగ్గర అంత మెల్లగా బయటికి వస్తుంది. ఎన్ని రోజులు కూర్చుని చేశాడో. ఇలాంటిదాన్ని చూసే నేను కళ్ళు కనిపించక చేసిన తప్పు అనుకున్నాను.

పూడిస్తే ఈ కుర్రాడు చస్తాడు. పూడ్చనంటే ఎందుకని అడుగుతారు. బయటికి వచ్చి చీటీ వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాను. నాన్న వచ్చి భుజం మీదుగా చూశాడు.

"పూడ్చింది నేనని రాయి" అన్నాడు.

"ఇంకా ఎన్నాళ్ళు నాన్నా? ఆయన మీద వేసింది చాలదా? ఇప్పుడు నీ మీద వేసుకుంటావా?"

"నీకిక పని ఎవరూ ఇవ్వరు. కేసవుతుంది."

"అవనీ."

నేను రాసింది ఇంతే: ఈ పల్లం కావాలని పెట్టినది, పూడ్చకూడదు. మొదటి బోటులో దీన్ని పూడ్చింది నేను. బోల్తా పడింది అందుకే. సరంగు తప్పు లేదు. కింద సంతకం పెట్టాను. నాన్న పెన్ను లాక్కుని, తన వంకర అక్షరాలతో ఒక వాక్యం చేర్చాడు: 'ఇది నేను ముందే చెప్పి ఉండవలసినది, విచారణలో కూడా చెప్పలేదు.' ఆయనా సంతకం పెట్టాడు. కుర్ర సరంగు ఆ కాగితం చదివి, నా మొహం చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని తలొంచుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

ఆఫీసు వాళ్ళ నోటి వెంట వినకముందే అత్తయ్యకి నేను చెప్పాలి. ఇంటికి పరిగెత్తాను. రెండున్నర అయింది. ఆవిడ అప్పటికే సంచీలో కొబ్బరినూనె సీసా, దువ్వెనా సర్దుకుంటోంది. కూర్చోమన్నాను. నిలబడే ఉంది. మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. ఇనప పట్టీ, టార్చి, నేను చేసిన పని, ఆయన సంతోషం, ముక్కు ఎగురుతోందని ఆయన అడగడం, గాలికి అయ్యుంటుందని నేననడం. దేన్నీ తగ్గించలేదు. ఏడవకుండా చెప్పాను, ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది.

"ఎంత లోతు?" అంది.

వేళ్ళతో చూపించాను. ఆవిడ నా వేళ్ళ సందులోకి చాలాసేపు చూసింది.

"వాడికి తెలీదా?"

"తెలీదు. నేను చెప్పలేదు."

"మీ నాన్నకి?"

"విచారణ రోజు తెలిసింది."

"అంటే ఏడాది."

"ఏడాది, అత్తయ్యా."

నన్ను తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. రెండూ జరిగి ఉంటే బాగుండేది. ఆవిడ సంచీ కుర్చీలో పెట్టేసింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"నేను వాడి కోసం ఏడవలేదే. ఆ నర్సమ్మ నడక చూసినప్పుడల్లా వాణ్ణి తిట్టుకున్నాను. పెంచిన చేతుల్ని తిట్టుకున్నాను. చచ్చి కూడా నా తల దించేశావు కదరా అనుకున్నాను. ఏడుపొస్తే నోరు నొక్కుకున్నాను, ఇలాంటివాడి కోసం ఏడవడమేంటని."

నేను దగ్గరికి వెళ్ళబోయాను.

"ముట్టుకోకు" అంది. "నీ సంగతి తర్వాత. నన్ను కాసేపు నా కొడుకు దగ్గర ఉండనీ."

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బీరువా తాళం తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "నాన్నా... ఒరేయ్ నాన్నా... నిన్నేమన్నానురా" అని మొదలైంది. ఆ ఏడుపు నేను ఎన్నడూ వినలేదు. తలుపు ఇవతల కింద కూర్చున్నాను. ఓదార్చడానికి ఈ భూమ్మీద పనికిరాని మనిషంటూ ఎవరైనా ఉంటే అది నేనే.

మూడైంది. మూడుంపావు అయింది. కుర్చీలోని సంచీలో అత్తయ్య ఫోను మోగింది. నర్సమ్మ.

"అమ్మ ఇంకా రాలేదేంటమ్మా? ఒంట్లో బాగానే ఉందా? ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరు" అంది కంగారుగా.

లోపలి నుంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. నోటికి వచ్చిందే చెప్పాను.

"ఈ రోజు రాలేరండీ. వాళ్ళబ్బాయి పోయాడు."